చల్లటి కెమెరాకు పట్టే చెమట

చల్లబడ్డ కెమెరాను తేమగాలిలోకి తెస్తే లెన్సు మీద క్షణాల్లో ఆవిరి కమ్ముతుంది. ఎదురుగా ఉన్న చెట్టు, మనిషి, గోపురం అన్నీ పల్చటి పాలలోంచి చూస్తున్నట్టు తెల్లబారిపోతాయి. లెన్సు పాడైందనో, ఫోకస్ దెబ్బతిందనో కంగారు పడేవాళ్లు చాలామంది. అక్కడ జరిగింది మాత్రం రోజూ ఇంట్లో కనబడేదే. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పడుతుంది. ఉడికిన అన్నం మీద మూత తీస్తే లోపలివైపు నీటిబొట్లు వేలాడుతుంటాయి. చలికాలం రాత్రి బస్సు అద్దాలు లోపలినుంచి మసకబారితే పిల్లలు వాటి మీద వేలితో పేర్లు రాస్తారు. కంటికి కనబడకుండా గాలిలో ఉన్న నీరు చల్లటి వస్తువు తగలగానే బయటపడటమే వీటన్నిటికీ మూలం. సీసాకు పట్టిన చెమటను తువ్వాలుతో తుడిస్తే సరిపోతుంది. కెమెరాలో ఆ చెమట లెన్సు అద్దాల మధ్యకు, సెన్సర్ మీదకు, సర్క్యూట్ బోర్డుల మీదకు చేరగలదు. అక్కడికి ఏ తువ్వాలూ చేరదు.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని క్యారీ ఈ పాఠాన్ని ఏడాదికి రెండుసార్లు, రెండు వైపుల నుంచీ చెప్పే ఊరు. రాష్ట్ర రాజధాని రాలీని ఆనుకుని, రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కుకు దగ్గరగా ఉన్న ఈ పట్టణ జనాభా 2020 లెక్కల్లో లక్షా 74 వేలు దాటింది. అందులో భారతీయులు, వారిలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలోనే ఉన్నాయి. 2009లో ఇక్కడ శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం తెరుచుకుంది. 87 అడుగుల రాజగోపురాన్ని 2022 అక్టోబరు 24న, దీపావళి నాడు, అప్పటి గవర్నర్ రాయ్ కూపర్ ప్రారంభించారు. ఆకాశం కిందే ఉన్న గోపురాన్ని ఫొటో తీయాలంటే ఏ కాలమైనా బయట నిలబడాల్సిందే, తర్వాత వెచ్చటి చోటికో చల్లటి చోటికో వెళ్లాల్సిందే. జూలైలో ఇక్కడ మధ్యాహ్నపు వేడి 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, ఇళ్లలో ఏసీ 21 నుంచి 24 మధ్య నడుస్తుంది. జనవరి తెల్లవారుజామున బయట సున్నా దగ్గరకు పడిపోతే ఇంట్లో హీటర్ 20, 21 దగ్గర నిలబెడుతుంది. కాబట్టి క్యారీలో కెమెరాకు గండం గుమ్మం దగ్గరే. వేసవిలో గుమ్మం దాటి బయటికి వెళ్లేటప్పుడు, చలికాలంలో గుమ్మం దాటి లోపలికి వచ్చేటప్పుడు.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరికి చోటుంటుంది. ఒక ఘనపు మీటరు గాలిలో 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. 20 డిగ్రీల దగ్గర అది 17 గ్రాములకు, 10 దగ్గర 9 గ్రాముల చిల్లరకు తగ్గుతుంది. సున్నా దగ్గర 5 గ్రాములు కూడా పట్టదు. వెచ్చటి గాలి చల్లటి లెన్సును తాకినప్పుడు ఆ అద్దాన్ని ఆనుకున్న పల్చటి గాలిపొర ఒక్కసారిగా చల్లబడుతుంది. అప్పటిదాకా మోసిన ఆవిరికి అందులో చోటు చాలదు. మిగిలిపోయిన ఆవిరి నీళ్లయి అద్దాన్ని అంటుకుంటుంది. ఏ ఉష్ణోగ్రతకు చల్లబడితే ఆ గాలి తన నీటిని వదలడం మొదలుపెడుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. కెమెరా వేడిమి ఆ గీతకు పైన ఉంటే ఆవిరి పట్టదు. కిందికి దిగితే పడుతుంది. లెన్సు ఖరీదు గానీ, పెట్టె మీద రాసిన వెదర్ సీలింగ్ గానీ ఈ లెక్కను మార్చలేవు.

తెలుగులో ‘రాత్రి మంచు కురిసింది’ అంటాం. వాన కురిసినట్టే మంచు కూడా పైనుంచి పడుతుందని ప్రపంచమంతటా చాలాకాలం నమ్మారు. నేలలోంచి పైకి లేస్తుందనేవారూ ఉండేవారు. ఆ రెండూ కాదని నిరూపించినవాడు కరోలినా బిడ్డే కావడం విశేషం. పొరుగున ఉన్న సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో 1757లో పుట్టిన విలియం చార్ల్స్ వెల్స్ లండన్‌లో వైద్యుడిగా స్థిరపడ్డాడు. రాత్రిపూట తోటలో సమాన బరువున్న ఉన్ని ముక్కలు పరిచి, కొన్నిటికి పైన చాటు పెట్టి, కొన్నిటిని ఆకాశానికి వదిలేసి, తెల్లారాక ఏది ఎంత బరువెక్కిందో తూచి చూశాడు. తెరిచి ఉంచిన ఉన్నికి ఎక్కువ మంచు పట్టింది. స్వచ్ఛమైన ఆకాశం కింద వస్తువు ముందు తన వేడిని పోగొట్టుకుని చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుందనీ, తర్వాతే దాని మీద తేమ చేరుతుందనీ 1814లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. లండన్ రాయల్ సొసైటీ ఆయనకు రమ్‌ఫర్డ్ పతకం ఇచ్చింది. కెమెరా పట్టుకున్నవారికి ఆయన చెప్పిన క్రమమే ముఖ్యం. ముందు వస్తువు చల్లబడుతుంది, తర్వాత నీరు పడుతుంది. కెమెరాను చల్లబడనీయకపోయినా, చల్లబడ్డాక తేమగాలి తగలనీయకపోయినా పని జరిగినట్టే. అన్ని ఉపాయాలూ ఈ రెంటిలో ఏదో ఒకదాని కిందికే వస్తాయి.

వాతావరణ వార్తల్లో వినబడే ‘తేమ శాతం’ ఇక్కడ జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. క్యారీలో ఒక జూలై ఉదయం 24 డిగ్రీలు, తేమ 90 శాతం అనుకుందాం. అదే రోజు మధ్యాహ్నం 32 డిగ్రీలు, తేమ 55 శాతం. ఉదయం గాలే తడిదనీ, మధ్యాహ్నానికి ఆరిపోయిందనీ అనిపిస్తుంది. లెక్క వేస్తే రెండు వేళల్లోనూ డ్యూ పాయింట్ ఇంచుమించు 22 డిగ్రీలే, అంటే అమెరికా కొలతలో 72 ఫారన్‌హీట్. గాలిలోని నీరు మారలేదు, గాలి వేడెక్కి శాతం తగ్గినట్టు కనబడింది, అంతే. ఇంట్లో ఏసీని 70 ఫారన్‌హీట్ దగ్గర పెట్టుకున్నవారి కెమెరా ఆ రోజు ఏ వేళ బయటికి వచ్చినా మసకబారుతుంది. పక్కింట్లో 76 దగ్గర పెట్టుకున్నవారి కెమెరాకు ఏమీ కాదు. ఒకే వీధి, ఒకే గాలి, ఒకే మోడల్ కెమెరా. తేడా అంతా థర్మోస్టాట్‌లోని ఆ ఆరు అంకెలదే. అందుకే ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు తేమ శాతం వదిలేసి డ్యూ పాయింట్ చూడాలి. చాలా యాప్‌లలో అది అదే తెర మీద, కొంచెం కిందుగా ఉంటుంది.

ఫోన్ లేకపోయినా స్టీలు గ్లాసుతో దాన్ని కొలవవచ్చు. గ్లాసులో సగానికి మామూలు నీళ్లు పోసి, వంటగది థర్మామీటరు అందులో ఉంచి, చిన్న ఐస్ ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ కలపాలి. గ్లాసు బయటివైపు మెరుపును కళ్లార్పకుండా గమనించాలి. ఒక దశలో మెరుపు మీద ఊపిరి ఊదినట్టు మసక మొదలవుతుంది. వేలితో గీస్తే గీత పడుతుంది. ఆ క్షణాన థర్మామీటరు చూపేదే ఆ గదిలో డ్యూ పాయింట్. జూలై సాయంత్రం క్యారీలో ఇంటి వెనక డెక్ మీద ఈ పని చేస్తే రెండో మూడో ముక్కకే గ్లాసు మసకబారవచ్చు. జనవరిలో హీటర్ వేసిన గదిలో చేస్తే గ్లాసు బాగా చల్లబడేదాకా పొడిగానే ఉంటుంది. స్కూలు పిల్లలకు ఇంతకన్నా మంచి సైన్సు పాఠం దొరకదు.

వేసవి సంగతి ముందు. ఊరి దక్షిణాన ఉన్న హెమ్లాక్ బ్లఫ్స్ అడవికి ఉదయాన్నే ఫొటోల కోసం వెళ్లేవారుంటారు. మామూలుగా పశ్చిమాన ఉన్న కొండల్లో పెరిగే తూర్పు హెమ్లాక్ చెట్లు, వందల మైళ్ల ఇవతల ఇక్కడ బతుకుతున్నాయి. ఉత్తరానికి తిరిగిన గట్లు ఎండ తగలక చల్లగా, చెమ్మగా ఉండటమే అందుకు కారణం. చెట్టుకు మేలు చేసే ఆ చెమ్మే ఏసీ గదిలోంచి నేరుగా వచ్చిన కెమెరాకు చేటు. ఇంటికంటే కారు ఇంకా ప్రమాదం. ముందు సీటులో పెట్టిన కెమెరా మీద ఏసీ గాలి సూటిగా కొడుతుంది. ఇరవై నిమిషాల ప్రయాణంలో లోహపు భాగాలు గదికంటే బాగా చల్లబడిపోతాయి. సంచిని డిక్కీలో పెట్టుకుంటే అంత చల్లబడదు. అక్కడికి చేరడానికి పది నిమిషాల ముందే ఏసీ ఆపి అద్దాలు దించితే, దిగేసరికి కెమెరా సగం సర్దుకుంటుంది. మనుషులకు కాస్త ఉక్కపోస్తుంది. సూర్యోదయం కోసం నాలుగింటికి లేచినవారు ఆ ఉక్కను ఓర్చుకోవచ్చు.

అన్నిటికన్నా నమ్మకమైనది జిప్ కవరు. బయలుదేరే ముందు ఏసీ గదిలోనే కెమెరాను పెద్ద జిప్ కవరులో పెట్టి, లోపలి గాలిని వీలైనంత వదిలించి, మూతి మూసేయాలి. లోపల మిగిలేది ఏసీ ఆరబెట్టిన గాలి. దాన్ని సంచిలో పెట్టి బయటికి తీసుకెళ్లాలి. చెమట పట్టాల్సి వస్తే కవరుకు బయటివైపు పడుతుంది, కెమెరా లోపల పొడిగా వెచ్చబడుతుంది. వేసవిలో తేడా పది డిగ్రీలే కాబట్టి అరగంట, ముప్పావుగంట చాలు. కవరు లేనివారు కెమెరా సంచిని జిప్పులన్నీ మూసి ఒక గంట ముందే గరాజ్‌లో పెట్టినా ఫలితం ఉంటుంది. అయితే జూలై ఎండలో మూసి నిలిపిన కారులో మాత్రం గంటల తరబడి వదలకూడదు. లోపలి వేడి 50 డిగ్రీలు సులువుగా దాటుతుంది. సాధారణంగా కెమెరా తయారీదారులు 40 డిగ్రీల దాకానే వాడమంటారు.

ఏసీ అంటే చల్లదనం అనే ఇప్పుడు అందరికీ గుర్తు. పుట్టుకలో అది తేమ కోసం వచ్చిన యంత్రం. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో కాగితం తేమకు ఉబ్బి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడకపోతుంటే, గాలిలో తేమను అదుపుచేయడానికి విల్లిస్ కారియర్ దాన్ని రూపొందించాడు. ‘ఎయిర్ కండిషనింగ్’ అన్న మాటను 1906లో వాడుకలోకి తెచ్చింది నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో బట్టల మిల్లులకు పనిచేసిన ఇంజనీరు స్టూవర్ట్ క్రామర్. అక్కడి అవసరం తలకిందులు. నూలు తెగకుండా ఉండటానికి గాలికి తేమ చేర్చాలి. కాగితానికైనా, నూలుకైనా, లెన్సుకైనా గాలిలోని నీరే లెక్క. కెమెరాకు ఏసీ గది శత్రువేమీ కాదు, దాచుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. అందులోంచి తొందరపడి బయటికి తేవడంలోనే చిక్కు.

చలికాలంలో దిశ మారుతుంది, సూత్రం మారదు. క్యారీలోని కోకా బూత్ యాంఫీ థియేటర్‌లో 2015లో మొదలైన చైనీస్ లాంతర్ల ఉత్సవం నవంబరు నుంచి జనవరి దాకా నడుస్తుంది. సింఫనీ లేక్ నీళ్ల మీద పొడవాటి డ్రాగన్ వెలుగుతుంటుంది. చెట్ల కింద పట్టు గుడ్డతో చేసిన పువ్వులు, జంతువులు రంగురంగుల్లో మెరుస్తుంటాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిన కుటుంబం గంటన్నర సేపు ఫొటోలు తీసేసరికి మెడలో వేలాడిన కెమెరా సున్నాకు దగ్గరగా చల్లబడి ఉంటుంది. బయట ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే బయటి గాలిలో నీరే తక్కువ. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూనే ‘ఫొటోలు ఎలా వచ్చాయో చూద్దాం’ అని సంచి తెరిచినప్పుడు మొదలవుతుంది అసలు కథ.

ఇంట్లో గాలి 21 డిగ్రీల దగ్గర, తేమ 30 శాతం ఉంటే డ్యూ పాయింట్ 3 డిగ్రీలకు కొంచెం అటూఇటూగా ఉంటుంది. హీటర్ నడిచే ఇళ్లలో చలికాలం సాధారణంగా అలాగే పొడిగా ఉంటుంది. కానీ పండగ నాడు పది మంది చుట్టాలు చేరి, స్టవ్ మీద పప్పు కుక్కర్ కూతలు పెడుతూ, పక్కన రసం మరుగుతుంటే తేమ 50 శాతానికి చేరి డ్యూ పాయింట్ 10 డిగ్రీలకు పెరుగుతుంది. బయట 6 డిగ్రీలున్న రోజున మొదటి ఇంట్లో కెమెరాకు ఏమీ కాదు, రెండో ఇంట్లో నిలువెల్లా తడుస్తుంది. చలిలోంచి తెచ్చిన కెమెరాను వంటింటి గట్టు మీద పెట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

దీనికీ మందు జిప్ కవరే, కానీ దాన్ని బయటే, చలిలోనే మూయాలి. లోపలికి వచ్చి మూస్తే తడిగాలినే కట్టి పెట్టినట్టవుతుంది. చలిలో మూసిన పది లీటర్ల కవరులో గాలికి, సున్నా డిగ్రీల దగ్గర, గ్రాములో ఇరవయ్యో వంతు నీరు మాత్రమే పడుతుంది. అంటే ఒక్క బొట్టు. అదే 50 శాతం తేమ ఉన్న ఒక మోస్తరు పడకగదిలోని మొత్తం గాలిలో పావు లీటరుకు పైగా నీరు తిరుగుతుంటుంది. ఒక్క బొట్టుతో కలిసి వెచ్చబడాలా, ఆ నీటికంతటికీ ఎదురు నిలవాలా అన్నదే కెమెరాకున్న తేడా. కవరు మూసే ముందు మెమరీ కార్డునూ బ్యాటరీనీ బయటికి తీసుకుంటే ఫొటోలు చూడాలన్న ఆత్రం కెమెరాను తాకకుండానే తీరుతుంది. ఇరవై డిగ్రీల తేడా సర్దుకోవడానికి మామూలు కెమెరా, చిన్న లెన్సుకు గంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు. జోర్డాన్ లేక్ దగ్గర తెల్లతల గద్దల కోసం మోసుకెళ్లే పెద్ద టెలిఫొటో లెన్సు అయితే మూడు గంటలు ఆగడం మంచిది, ఎందుకంటే దాని లోపల అద్దమూ లోహమూ ఎక్కువ, అవి నింపాదిగా వెచ్చబడతాయి. రాత్రి అలాగే వదిలేసి పొద్దున తీసినా నష్టం లేదు.

ఈ జాగ్రత్త వందేళ్ల నాటిది. 1910–13 మధ్య కెప్టెన్ స్కాట్ దక్షిణధ్రువ యాత్రలో ఫొటోలు తీసిన హెర్బర్ట్ పాంటింగ్ తన కెమెరాలను వెచ్చటి గుడిసెలోకి తేకుండా బయట చలిలోనే ఉంచేవాడు. లోపలికి తెచ్చిన ప్రతిసారీ లెన్సుల మీద తేమ పట్టి, బయటికి తీసుకెళ్లగానే అదే మంచుగడ్డగా మారడం ఆయన అనుభవం. గంట గంటకూ లోపలికీ బయటికీ తిరగాల్సిన రోజున క్యారీలోనూ ఆయన పద్ధతే మేలు. కెమెరాను వరండాలోనో కారు డిక్కీలోనో చలిలోనే ఉంచి, బ్యాటరీని మాత్రం జేబులో వెచ్చగా దాచుకోవాలి. లిథియం బ్యాటరీలు చలికి త్వరగా నీరసపడతాయి.

ఆగడానికి వీల్లేని చోట్లూ ఉంటాయి. పక్కనే ఉన్న డర్హమ్‌లో మ్యూజియం ఆఫ్ లైఫ్ అండ్ సైన్స్ వారి సీతాకోకచిలుకల గాజు ఇంట్లో ఏడాదంతా ఉష్ణమండలపు వేడి, తేమ నిలుపుతారు. జనవరిలో పార్కింగ్ నుంచి నడిచివచ్చి తలుపు తీసిన ప్రతివారి కళ్లజోడూ, కెమెరా, ఫోనూ ఒకేసారి తెల్లబడతాయి. అక్కడికి వెళ్లేవారు కెమెరాను కోటు లోపల ఒంటికి ఆనించి తెచ్చుకోవాలి. మ్యూజియం మిగతా గదులు ముందు చూసి, ఆ గంటలో కెమెరా వెచ్చబడ్డాక చివర సీతాకోకల దగ్గరికి వెళ్లడం ఇంకా తెలివైన పని.

నక్షత్రాల ఫొటోలు తీసేవారి బాధ వేరు. వారి కెమెరా ఎక్కడినుంచీ ఎక్కడికీ మారదు, రాత్రంతా ఒకేచోట ట్రైపాడ్ మీద ఉంటుంది. అయినా అర్ధరాత్రి దాటాక లెన్సు మసకబారుతుంది. వెల్స్ ఉన్ని ముక్కకు జరిగిందే దానికీ జరుగుతుంది. ఆకాశాన్నే చూస్తూ నిలబడ్డ అద్దం తన వేడిని పైకి పోగొట్టుకుని గాలికంటే చల్లబడుతుంది. లెన్సు హుడ్ దానికి కొంత చాటవుతుంది. యూఎస్‌బీ పవర్ బ్యాంకుతో నడిచే హీటర్ పట్టీని లెన్సు చుట్టూ కడితే సమస్య తీరిపోతుంది. అది లేకపోతే చలికాలంలో చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లను రెండు రబ్బరు బ్యాండ్లతో లెన్సుకు బిగించినా రాత్రి గడుస్తుంది. అద్దాన్ని కాల్చాల్సిన పని లేదు, డ్యూ పాయింట్ కంటే ఒకటి రెండు డిగ్రీలు పైన నిలిపితే చాలు.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి ఆవిరి పట్టేస్తుంది. అప్పుడు చేయాల్సింది తక్కువ, చేయకూడనివే ఎక్కువ. కెమెరా ఆన్‌లో ఉంటే ఆపేయాలి, తడి మీద కరెంటు పారడమే లోపలి భాగాలకు పెద్ద ముప్పు. చొక్కా అంచుతో తుడవకూడదు. అద్దం ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి తుడిచిన మరుక్షణం మళ్లీ పడుతుంది, మధ్యలో దుమ్ము రేణువులు గీతలు పెడతాయి. లెన్సు విప్పి చూడకూడదు, విప్పితే ఆ తడిగాలి సెన్సర్ దాకా వెళుతుంది. జూమ్ తిప్పకూడదు. ముందుకు సాగే జూమ్ లెన్సు సైకిల్ పంపు మాదిరి గాలిని లోపలికి పీలుస్తుంది. హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు, ఒక పక్క మండించి ఇంకో పక్క చల్లగా వదిలేసి నీటిని లోపలికి తోలుతుంది. పొడి గదిలో ఊరికే ఉంచడమే సరైన వైద్యం. బయటి మసక అంతా పోయి, కెమెరా గది వేడికి వచ్చాక, లోపల తడి ఉందన్న అనుమానం ఉంటే అప్పుడు బ్యాటరీ, కార్డు, లెన్సు విడదీసి గాలి ఆడనివ్వాలి. లెన్సు లోపలి అద్దాల మధ్య మసక ఒకటి రెండు రోజులైనా పోకపోతే సర్వీసు వారికి చూపించక తప్పదు.

ఒకసారి పట్టి ఆరిపోయిన ఆవిరితో పెద్ద నష్టం ఉండదు. పట్టడం, సంచిలో మూసేయడం, మళ్లీ పట్టడం అలవాటైతే నష్టం మొదలవుతుంది. తేమ 60, 65 శాతం దాటిన చీకటి చోట నెలల తరబడి ఉన్న లెన్సులో బూజు పెరుగుతుంది. టార్చి వేసి చూస్తే అద్దం లోపల సాలెగూడు దారాల్లా తెల్లగా కనబడుతుంది. అది అద్దం మీది పూతను తినేస్తుంది, ముదిరితే శుభ్రం చేసినా మచ్చ మిగులుతుంది. క్యారీ ఇళ్లలో గరాజ్, ఇంటి కింది క్రాల్ స్పేస్ వేసవిలో తేమతో నిండి ఉంటాయి. కెమెరాను గంట సేపు గరాజ్‌లో ఉంచడం వేరు, అక్కడే దాచుకోవడం వేరు. పడకగది అల్మారాలో, 40 నుంచి 50 శాతం తేమలో ఉండటమే దానికి క్షేమం. తేమ చూపే చిన్న మీటరు ఒకటి కొని పక్కన పెడితే ఊహించాల్సిన పని తప్పుతుంది.

సిలికా జెల్ పొట్లాల మీద చాలామందికి ఉండాల్సినదానికంటే ఎక్కువ నమ్మకం ఉంది. గాలి చొరని డబ్బాలో అవి బాగా పనిచేస్తాయి. మాటిమాటికీ తెరిచే సంచిలో కొద్ది రోజుల్లోనే నిండిపోయి ఊరికే బరువవుతాయి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు నిండిందో తెలుస్తుంది. 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. నీలం నుంచి గులాబీకి మారే రకంలో సాధారణంగా కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కాబట్టి దాన్ని పిల్లలకూ వంట పాత్రలకూ దూరంగా ఉంచాలి. అప్పటికే చల్లబడ్డ లెన్సు మీద ఆవిరి పడకుండా మాత్రం ఏ పొట్లమూ ఆపలేదు, అది అంత వేగంగా పీల్చలేదు. ఇక తడిసిన కెమెరానో ఫోన్‌నో బియ్యం డబ్బాలో పాతిపెట్టడం వల్ల ఒరిగేది లేదు. బియ్యపు పొడి మాత్రం లోపలికి పోతుంది.

ఫోన్లకూ ఇదంతా వర్తిస్తుంది. జేబులో ఒంటి వేడికి ఉంటుంది కాబట్టి వాటికి ముప్పు తక్కువ. కారులో ఏసీ గాలి వచ్చే రంధ్రానికి తగిలించిన ఫోన్ మాత్రం దిగగానే మసకబారుతుంది, ఛార్జింగ్ రంధ్రంలో తడి ఉందని హెచ్చరిక కూడా చూపవచ్చు. అప్పుడు ఛార్జర్ పెట్టకుండా ఆరనివ్వాలి.

తెలుగు నేల మీద ఈ చిక్కు ఎక్కువగా రెండు చోట్ల ఎదురవుతుంది. డిసెంబరు, జనవరిలో అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగికి, పాడేరు దగ్గర వంజంగి మేఘాల కొండకు తెల్లవారకముందే చేరేవారు చలిలో ఫొటోలు తీసి, నలుగురైదుగురు కూర్చుని అద్దాలు మూసిన కారులోకి కెమెరాతో ఎక్కుతారు. అందరి ఊపిరితో నిండిన ఆ గాలి వంటింటి గాలితో సమానం. క్యారీలో లాంతర్ల ఉత్సవానికి చెప్పిన జాగ్రత్తే అక్కడా పనికొస్తుంది. కవరును కొండ మీదే మూయాలి.

రెండోది పెళ్లి. ఈ చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే అది పొట్టకూటి పని. విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్నాల్లో వేసవి పెళ్లిళ్లకు వచ్చే ఫొటోగ్రాఫర్లు పెళ్లికూతురి అలంకరణను ఏసీ గదిలో తీసి, అక్కడినుంచి నేరుగా ఆరుబయట పందిట్లోకి పరుగెత్తాలి. కోస్తా గాలి డ్యూ పాయింట్ మే నెలలో 25 డిగ్రీలు దాటడం మామూలే. గదిలో ఏసీ 20 దగ్గర ఉంటే లెన్సు తెల్లబడక తప్పదు. అనుభవం ఉన్నవారు రెండో కెమెరాను ముందే పందిరి దగ్గర ఒక సహాయకుడి చేతికి ఇచ్చి ఉంచుతారు. అందరికీ రెండో కెమెరా ఉండదు. పెళ్లివారు ఫొటోగ్రాఫర్‌కు విడిదిలో ఏసీ లేని ఒక గదిని, తాళం వేసుకునే వీలుతో, చూపించాలి. ముహూర్తానికి గంట ముందే కెమెరా సంచి అక్కడికి చేరిపోతే జీలకర్ర బెల్లం పెట్టే వేళకు లెన్సు తేటగా ఉంటుంది.